తొమ్మిదో తరగతి అబ్బాయి జేబులో వేప్ దొరికింది, ఇలాంటిది ఎదురైనవారు చెప్పండి (చర్చ)

నిజాంపేట అమ్మ
మొన్న ఆదివారం యూనిఫాం నానబెట్టబోతుంటే మా అబ్బాయి ప్యాంటు జేబులో హైలైటర్ పెన్నులాంటి వస్తువు దొరికింది. మూత తీసి కాగితం మీద గీస్తే గీత పడలేదు గాని మామిడిపండు వాసన వచ్చింది. సెంటు సీసా కాబోలనుకున్నాను. అడుగున చార్జింగు పెట్టే రంధ్రం చూశాక గాని అది వేప్ అని, అంటే బ్యాటరీతో ఆవిరి పీల్చే ఈ-సిగరెట్ అని బోధపడలేదు. "నాది కాదమ్మా, దాచమని ఫ్రెండ్ ఇచ్చాడు" అంటున్నాడు. మావారికి ఇంకా చెప్పలేదు. నాకు మూడు విషయాలు తెలియాలి. బడికి చెప్పాలా వద్దా? వాడికి అలవాటైందో లేదో ఎలా కనిపెట్టాలి? అలవాటై ఉంటే మాన్పించడానికి ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

సైన్సు మాస్టారు
అమ్మా, పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, "ఫ్రెండ్ ఇచ్చాడు" అనని పిల్లవాణ్ని ఇంతవరకు చూడలేదు. వెనకటికి బాత్రూంలో బీడీ వాసన వస్తే మేమే వెళ్ళి పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు స్ట్రాబెర్రీ వాసన వస్తే ఎవరో చూయింగ్ గమ్ నమిలారనుకుని వచ్చేస్తున్నాం. పిల్లలు దగ్గకుండా పీల్చగలగడానికి కారణం నికోటిన్ లవణాలు. మామూలు నికోటిన్ ఎక్కువ మోతాదులో గొంతులో గరగరలాడుతుంది, బెంజోయిక్ ఆమ్లంతో కలిపి లవణంగా మారిస్తే ఆ ఘాటు తగ్గుతుంది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే వేప్ ఈ పద్ధతితోనే బడిపిల్లల్లోకి పాకింది. 5 శాతం నికోటిన్ ఉన్న దాని పాడ్ (ద్రవం నింపిన చిన్న గొట్టం) ఒక్కటి నికోటిన్‌లో ఇంచుమించు ఒక సిగరెట్ పెట్టెతో సమానం. నిరుడు నేను ముగ్గురిని పట్టుకుంటే యాజమాన్యం టీసీల భయంతో మాట బయటకు పొక్కనీయలేదు, తల్లిదండ్రులేమో నేనే పిల్లల సంచుల్లో పెట్టానన్నారు. ఆ రోజు నుంచి ఎవరి సంచీ ముట్టుకోవడం లేదు.

వకీలు ఖమ్మం
అందరూ మరచిపోతున్న విషయం చట్టం. మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. తొలిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళు, ఐదు లక్షలు. అయితే ఆ నిషేధాల జాబితాలో "వాడకం" అన్న మాట లేదు. కాబట్టి ఈ తల్లి తన కొడుకు నేరస్థుడయ్యాడని కుమిలిపోనక్కరలేదు, పట్టుకోవలసింది అమ్మినవాణ్ని.

సైన్సు మాస్టారు
వకీలు గారూ, సగం చట్టం చదివి పిల్లలకు ధైర్యం నూరిపోయకండి. దగ్గర ఉంచుకోవడం ఏ రూపంలో, ఎంత పరిమాణంలో ఉన్నా ఉల్లంఘనేనని కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో స్పష్టం చేసింది.

వకీలు ఖమ్మం
శాఖ ఇచ్చిన వివరణ చట్టం కాదు మాస్టారూ. 5వ సెక్షన్ ఏదైనా చోటును సరుకు నిల్వకు తెలిసి వాడనివ్వడం గురించి మాట్లాడుతుంది. జేబులోని ఒక్క పెన్నును "నిల్వ సరుకు" అనవచ్చునా లేదా అన్నది కోర్టులో వాదించుకోవలసిన ప్రశ్న. మీరు తీర్పు ఇచ్చేశారు, సంతోషం.

పాత బ్యాటరీ
మీ సెక్షన్లు పక్కన పెట్టండి. కోఠిలో ఇరవై రెండేళ్ళుగా సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను, ఈ వేప్‌లను వందకు పైగా విప్పి చూశాను. లోపల ఉండేది దూది, ద్రవం, ఒక తీగ చుట్ట, ఒక లిథియం సెల్లు. ఇవి చవక సరుకు, చాలావాటిలో సెల్లుకు సరైన రక్షణ ఉండదు. పెట్టె మీద ఇన్ని వేల పఫ్‌లని (పీల్పులని) రాస్తారు, ఆ లెక్క నమ్మకండి. "నికోటిన్ లేదు" అని రాసినదీ నమ్మకండి. అమ్మా, ఒక్కటే చెబుతున్నాను, దాన్ని చెత్తబుట్టలో మాత్రం వేయకండి. చెత్తబండిలో నలిగితే మంట లేస్తుంది.

వకీలు ఖమ్మం
నికోటిన్ ఉన్నా లేకపోయినా ఆ వస్తువు నిషేధమేనని నిర్వచనంలోనే ఉంది, అది సరే. తమ్ముడూ, విప్పడానికి వంద వేప్‌లు మీ దుకాణంలోకి ఎలా చేరాయో కొంచెం చెబుతారా? మీది 5వ సెక్షనుకు చక్కగా సరిపోతుంది.

పాత బ్యాటరీ
బాగుచేయమని తెచ్చి ఇస్తే విప్పాను, అమ్మలేదు. నల్లకోటు వేసుకున్నవాళ్ళకు ఎదుటివాడు ఎప్పుడూ ముద్దాయిలాగే కనిపిస్తాడేమో.

ఫ్రిస్కో నాన్న
బడికి చెప్పాలా అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు కనుక నా అనుభవం రాస్తున్నాను. మాది టెక్సాస్. బడిలో వేప్‌తో దొరికిన విద్యార్థిని తప్పనిసరిగా క్రమశిక్షణ బడికి పంపాలనే చట్టం ఇక్కడ 2023 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. మావాడు అదే నవంబరులో బాత్రూంలోని సెన్సారు మోగడంతో దొరికిపోయాడు. అంతవరకు అన్నీ ఏ గ్రేడులు తెచ్చుకున్న పిల్లవాడు రోజూ తనిఖీ దాటి, సంచీ కూడా లేకుండా, కొట్లాటల్లో దొరికినవాళ్ళ పక్కన కూర్చున్నాడు. గుడిలో కలిసిన తెలుగువాళ్ళు "బాబు కనిపించడం లేదేం?" అని అడుగుతుంటే మా ఆవిడ ఆరు వారాలు గుడికి వెళ్ళడమే మానేసింది. 2025లో మొదటి తప్పుకు ఆ నిర్బంధాన్ని సడలించారు, మాకు అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. కాబట్టి నా మాట వింటే బడికి చెప్పకండి.

కూకట్‌పల్లి పిన్ని
పిల్లవాడి పరువు గురించి కాదు, ప్రాణం గురించి ఆలోచించండి. అమెరికాలో ఈ వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు పాడై 68 మంది పోయారు.

ఫ్రిస్కో నాన్న
అవునండీ, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది మరణించారు. అయితే వాటిలో ఎక్కువ కేసులకు గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ముఖ్య కారణమని తేల్చారు. పిల్లలు ఆ సంగతి ఫోనులో మనకన్నా ముందే చదివేస్తారు. మనం చెప్పినదాంట్లో ఒక్కటి తప్పని తేలితే మిగతావన్నీ వాళ్ళకు అబద్ధాలే.

ఒంగోలు రైతు
పట్నం వాళ్ళకు జేబులో పెన్ను దొరికితే ఇంత గోల. మన దేశంలో 2019 నాటి యువత పొగాకు సర్వేలో 13 నుంచి 15 ఏళ్ళ బడిపిల్లల్లో 8.5 శాతం మంది అప్పటికి ఏదో ఒక పొగాకు వాడుతున్నారని తేలితే, ఈ-సిగరెట్ ఒక్కసారైనా ముట్టుకున్నవారు 2.8 శాతం. బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది, మా ఊరి హైస్కూలు గేటు ఎదుటే ఖైనీ పొట్లాల తోరణం వేలాడుతోంది. దాని గురించి ఎవరూ చర్చ పెట్టరు, పొగాకు అనగానే మాత్రం అందరూ రైతును తిడతారు.

సైన్సు మాస్టారు
ఇక్కడ రైతును తిట్టినవారే లేరు. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఈ వేప్‌ల్లో పోసే నికోటిన్‌లో ఎక్కువ భాగం పొగాకు ఆకులోంచి తీసినదే.

ఒంగోలు రైతు
ఆకు మాది, బుద్ధి మీది. పొగాకు బోర్డు అనుమతించినంతే వేస్తాం, వేలంలో వాళ్ళు పాడిన ధరకే ఇస్తాం. మామిడి వాసన మేము కలపలేదు.

మందుల షాపు, తెనాలి
అమ్మ అడిగిన రెండో ప్రశ్న, మూడో ప్రశ్న అలాగే ఉండిపోయాయి. పొద్దున లేవగానే చిరాకు, పాఠం మీద మనసు నిలవకపోవడం, అస్తమానం బాత్రూంకు వెళ్ళడం, మీరు కొనివ్వని చార్జరు తీగ గదిలో కనిపించడం, ఇవి గమనించండి. రెండు రోజులు ఇంట్లో అందరి మధ్య ఉన్నప్పుడు వాడు ఎలా ఉంటాడో చూస్తే మీకే చాలావరకు తెలుస్తుంది. నా కొట్టుకు వచ్చి పిల్లలకు నికోటిన్ గమ్ ఇమ్మనే తండ్రులున్నారు. డాక్టరు రాయకుండా పద్దెనిమిదేళ్ళ లోపు వారికి నేను ఇవ్వను. 1800-112-356 పొగాకు మానేవారికి ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు, అక్కడ మాట్లాడి చూడండి. ఫ్రిస్కో నాన్న గారూ, మీ అబ్బాయి ఎలా మానాడో మీరు చెప్పనే లేదు.

ఫ్రిస్కో నాన్న
నేను తిట్టినందువల్ల మానలేదు. ఇక్కడ ట్రూత్ ఇనిషియేటివ్ అనే సంస్థ పిల్లల ఫోనుకు రోజూ సందేశాలు పంపుతుంది, తిరిగి రాస్తే జవాబు వస్తుంది. మాతో మాట్లాడనివాడు దానితో మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టాడు, రెండోసారి తానే వచ్చి చెప్పాడు.

నిజాంపేట అమ్మ
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి వాడిని మేడ మీదికి తీసుకెళ్ళి, కొట్టనని ఒట్టు వేసి అడిగాను. నెల రోజులుగా పీలుస్తున్నాడట. నలుగురు కలిసి తలా మూడువందలు వేసుకుని ఒక సీనియర్ దగ్గర కొన్నారట, ఆ నెల వంతు వీడిది కాబట్టి వీడి జేబులో ఉందట. ఇంటర్వెల్‌కు ముందు పీరియడ్‌లో చేతులు వణుకుతున్నట్టు ఉంటుందని చెబుతూ ఏడ్చాడు. ఇవాళ ఆ నంబరుకు ఫోను చేశాము, శనివారం డాక్టరు దగ్గరకు వెళుతున్నాము. మావారికి చెప్పాను, ఆయన ఇంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బడికి మాత్రం పిల్లల పేర్లు చెప్పకుండా, ఆ సీనియర్ సంగతి ఒక్కటే చెప్పాలనుకుంటున్నాను. ఇంతకీ ఆ వస్తువును ఏం చేయాలి? ప్రస్తుతానికి బియ్యం డబ్బా వెనక పెట్టాను.

పాత బ్యాటరీ
వేడి తగలని చోటేనా? నాకిస్తే సెల్లు విడదీసి పారేస్తాను.

వకీలు ఖమ్మం
నూట ఒకటోదన్నమాట.