రెండేళ్లు సర్వీస్ సెంటర్లో చేశాను. సొంత షెడ్డు పెట్టనా, కువైట్ వెళ్లనా? అనుభవం ఉన్న మెకానిక్ అన్నలు చెప్పండి

పల్నాడు కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్లు చదివి, గుంటూరులో ఒక కార్ల సర్వీస్ సెంటర్లో చేరాను. రెండేళ్లయింది. చేతికొచ్చేది 13,800. గది అద్దె, తిండి పోను ఇంటికి నాలుగు వేలు పంపడం గగనంగా ఉంది. పొద్దున 9కి వెళితే రాత్రి 8 దాకా ఆయిల్ మార్చడం, ఫిల్టర్లు మార్చడం, బ్రేకులు శుభ్రం చేయడం, ఇంతే. ఇంజన్ దింపే పని సీనియర్లకే ఇస్తారు.
మా ఊరి సెంటర్లో చిన్న షెడ్డు పెడదామని ఉంది. కువైట్‌లో ఉన్న మా బాబాయి కొడుకు రమ్మంటున్నాడు. ఎలక్ట్రిక్ బళ్ల పని నేర్చుకుంటే ముందు ముందు బాగుంటుందని ఇంకొకరు అంటున్నారు. నాన్న కౌలు రైతు, లక్షన్నరకు మించి పెట్టుబడి రాదు. షెడ్డు పెడితే ముందు బండిలో లోపం చూపే స్కానర్ కొనాలా, బండిని పైకెత్తే లిఫ్టు కొనాలా? దయచేసి చెప్పండి.

బెజవాడ మేస్త్రీ:
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్లో 31 ఏళ్లుగా చేస్తున్నాను. పన్నెండో ఏట మా గురువు దగ్గర పానాలు అందించడానికి చేరాను. మూడేళ్లు జీతం లేదు, మధ్యాహ్నం భోజనం, పండక్కి ఒక జత బట్టలు, అంతే.
షెడ్డు పెట్టినవాళ్లు మునిగేది కస్టమర్లకు పెట్టే అప్పుల దగ్గరే. పని రాదేమోనని నువ్వు భయపడుతున్నావు, పని వస్తుంది. డబ్బే రాదు. ఒక లారీ ఓనరు ఇంజన్ హెడ్ పని, క్లచ్ పని చేయించుకుని "లోడు దించి వచ్చి ఇస్తా మేస్త్రీ" అన్నాడు. 62 వేలు. అందులో 41 వేలు స్పేర్ల కొట్టుకు నేను కట్టుకున్నవే. ఆ బండి మళ్లీ మా వీధిలోకి రాలేదు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి ఆ కొట్టు బాకీ తీర్చాను. అప్పటినుంచి స్పేర్ల డబ్బు చేతిలో పడకుండా బోల్టు విప్పను. నువ్వూ మొదటి రోజు నుంచే ఆ మాట మీద ఉండు. చుట్టాలకైనా సరే.
స్కానర్, లిఫ్టు తర్వాతి సంగతి, ముందు చేతిలో పని ఉండాలి. బోల్టును చెప్పిన కొలతకే బిగించే టార్క్ రెంచ్ ఇన్నేళ్లలో నేను ముట్టుకోలేదు. ఏ బోల్టు ఎంత బిగించాలో నా భుజానికి తెలుసు.

కరీంనగర్ టూ వీలర్:
అన్నా, మీరందరు కార్ల ముచ్చట జేస్తున్నరు, మా బాధ వేరే. 14 ఏండ్ల సంది బండ్ల షాపు నడుపుతున్న. 2020 ఏప్రిల్ల బీఎస్-6 పొగ రూల్స్ వచ్చినంక మా పని సగం మారిపోయింది. అంతకుముందు కార్బొరేటర్ విప్పి, జెట్ ఊది, స్క్రూ సెట్ చేస్తే బండి లైన్ల పడేది. ఇప్పుడు దాదాపు అన్నిటికి ఫ్యూయల్ ఇంజెక్షన్.
ఒక స్కూటర్ పొద్దున స్టార్ట్ అయితలేదని వచ్చింది. ప్లగ్గు మార్చిన, త్రాటిల్ బాడీ కడిగిన, వేరే బండి ఇంజెక్టర్ పెట్టి చూసిన. రెండు దినాలు పోయినయ్. ఆఖరికి చూస్తే బ్యాటరీ వీక్. పాత కార్బొరేటర్ బండి బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే లేచేది. దీనికి పంపు తిరగాలన్నా, ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, లేవాలన్నా కరెంటు గావాలె. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలే, ఏ పుస్తకం ఇయ్యలే. కంపెనోళ్లు ట్రైనింగ్ వాళ్ల షోరూం పోరగాండ్లకే ఇస్తరు. తర్వాత హోండా బండ్లల్ల మీటర్ మీద లైటు మినుకుడు లెక్క బెట్టుడు నేర్చుకున్న. పొడుగు మినుకు పది, చిన్న మినుకు ఒకటి. ఆ నంబరు జూసి ఏ సెన్సర్ పోయిందో తెలుసుకోవచ్చు. తమ్మీ, నువ్వు ఏ షాపు పెట్టినా ముందు కరెంటు కొలిచే మల్టీమీటర్ కొను. వెయ్యి రూపాయలల్ల వస్తది, స్కానర్ కంటే ముందు అదే అన్నం పెడ్తది.

మియాపూర్ టెక్నీషియన్:
మేస్త్రీ గారూ, పెద్దవారు, గౌరవంతోనే చెబుతున్నా. "భుజానికి తెలుసు" అనే మాట కొత్త కుర్రాడికి చెప్పకండి. భుజంతో బిగించిన బళ్లు మా షోరూం సర్వీస్ సెంటర్‌కే వస్తాయి, వాటిని బాగుచేసేది మేము. పోయిన నెలలో ఒక పెట్రోలు కారు వచ్చింది. ఆయిల్ కారుతోంది. చూస్తే ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు బిగించి బిగించి, ఆయిల్ నిలిచే అల్యూమినియం సంపులో మరలు తినేశారు. కస్టమర్‌కు సంపు మొత్తం మార్చాల్సి వచ్చింది. 35 న్యూటన్ మీటర్ల బిగింపు దగ్గర ఆగాల్సిన బోల్టును పొడుగు పానా వేసి లాగితే ఇంకేమవుతుంది? మీ రోజుల్లో పోత ఇనుప బ్లాకులు, అన్నీ ఓర్చుకునేవి.

బెజవాడ మేస్త్రీ:
బాబూ, నేను బిగించిన డ్రెయిన్ బోల్టు ఒక్కటి కారిందని చూపించు, షెడ్డు మూసేస్తా. మీ షోరూముల్లో గన్నుతో టకటకా చక్రాల నట్లు బిగించి పంపుతారు. దారిలో పంక్చరైతే బండిలో ఉన్న పానాతో ఆడవాళ్లు కాదు కదా, మగవాళ్లు ఎక్కి తొక్కినా ఊడవు. అది టార్క్ రెంచేనా? అంత చదువుకున్న మీరు బాగున్న బ్రేక్ ప్యాడ్లు మార్చమని కస్టమర్‌ను బెదిరించడం నాకు తెలియదా?

మియాపూర్ టెక్నీషియన్:
ప్యాడ్లు మార్చమని చెప్పేది కస్టమర్‌తో మాట్లాడే అడ్వైజరు, టెక్నీషియన్ కాదు. వాళ్లకు నెలనెలా టార్గెట్లు. ఆ పాపం మా నెత్తిన వేయకండి. బండి కింద పడుకునేవాడికి ఆ డబ్బులో పైసా రాదు. పైగా బండి తిరిగొస్తే రీవర్క్ అని మా ఇన్సెంటివ్ కోస్తారు. ఎనిమిదేళ్లుగా చేస్తున్నా, నడుము పట్టేసి బెల్టు పెట్టుకుని డ్యూటీకి వెళుతున్నా. 33 ఏళ్లకే.

తెనాలి చెల్లెలు:
నేను మెకానిక్‌ను కాదు, మెకానిక్ చెల్లెల్ని. కుర్రాడు అడగని విషయం ఒకటి చెప్పాలనిపించింది. మా అన్నయ్యకు 33 ఏళ్లు. సొంత షెడ్డు, ఇద్దరు పనివాళ్లు, ఖర్చులు పోను నెలకు 40 వేల దాకా మిగులుతాయి. మందు ముట్టడు. నాలుగేళ్లుగా సంబంధాలు చూస్తున్నాం. "అబ్బాయి ఏం చేస్తాడు" అనే దాకా బాగానే మాట్లాడతారు. షెడ్డు అనగానే "ఆలోచించి చెబుతాం" అంటారు. అదే ఊళ్లో 18 వేలకు ఏసీ గదిలో కూర్చునే అబ్బాయికి మూడు నెలల్లో కుదిరింది. పెళ్లిచూపులకు వెళ్లేముందు అన్నయ్య గంటసేపు నిమ్మచెక్కతో గోళ్లు రుద్దుకుంటాడు. అక్కడ చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంటాడు. అది చూస్తే నాకు ఏడుపొస్తుంది. మీలో పెళ్లయినవాళ్లకు ఎలా కుదిరాయి? నిజంగా అడుగుతున్నాను.

పాలిటెక్నిక్ ఆటోమొబైల్:
ఈ టార్క్ చర్చ చూస్తుంటే మాట్లాడక తప్పడం లేదు. 18 ఏళ్లుగా ఇదే సబ్జెక్టు బోధిస్తున్నాను, నా విద్యార్థులు ఈ రోజు పెద్ద కంపెనీల ప్లాంట్లలో ఉన్నారు. మీరు పానా మీద పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి బిగువు తెచ్చేది పదో వంతు మాత్రమే. కాబట్టి మరకు ఆయిల్ రాస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. భుజం ఈ తేడాను పట్టుకోలేదు. ఇక కొత్త ఇంజన్ల హెడ్ బోల్టులు ముందు టార్క్ వరకు బిగించి, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు అంటూ కోణంతో తిప్పాలి. చాలా ఇంజన్లలో ఒకసారి అలా సాగిన బోల్టు మళ్లీ వాడకూడదు. ఈ ప్రాథమిక విషయం తెలియకుండా 31 ఏళ్లు అనడంలో అర్థం లేదు.

మియాపూర్ టెక్నీషియన్:
సార్, మీరు చెప్పింది కరెక్టే. కానీ చివరి మాట తప్పు. మేస్త్రీ గారితో నేను గొడవ పడుతున్నానంటే ఇద్దరం ఒకే పనిలో ఉన్నాం కాబట్టి. మీ ల్యాబులో లోపలి భాగాలు కనిపించేలా కోసిన 20 ఏళ్ల నాటి ఇంజన్ చూపించి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతారు. వాళ్లొచ్చి స్కానర్ ఏ పోర్టుకు తగిలించాలో మమ్మల్ని అడుగుతారు. నేనూ ఐటీఐలో అలాగే చదివాను, ఇంజెక్షన్ బండి చేత్తో ముట్టుకున్నది ఉద్యోగంలోనే.

పాలిటెక్నిక్ ఆటోమొబైల్:
ల్యాబుకు కొత్త ఇంజన్ ఇవ్వమని ప్రతి ఏడాదీ రాస్తూనే ఉన్నాను. నేను నా జీతంతో కొనలేను కదా.

డిపో గ్యారేజీ:
ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్‌గా, అంటే హెల్పరుగా చేరి మెకానిక్ అయ్యాను, 22 ఏళ్ల సర్వీసు. బస్సు చక్రం మార్చిన ప్రతిసారీ కొంత దూరం తిరిగొచ్చాక నట్లు మళ్లీ చూస్తాం. ఎంత లెక్కగా బిగించినా కొత్తగా కూర్చున్నది కాస్త సర్దుకుంటుంది. మీరు రెంచ్ గురించి కొట్టుకుంటున్నారు, రెండోసారి చూడటం గురించి ఒక్కరూ అనలేదు.
కుర్రాడూ, నీకు ఈఎస్ఐ, పీఎఫ్ కోస్తున్నారా? నీ జీతం 21 వేల లోపే కాబట్టి సెంటర్లో పది మంది ఉంటే ఈఎస్ఐ హక్కు నీది. మా డిపోలో జాకీ జారి ఒకతని వేలు నలిగింది. ఆసుపత్రి ఖర్చు రూపాయి పడలేదు. బయటి షెడ్డులో అయితే ఆ వేలి వైద్యం ఖర్చంతా వాడిదే. ఆంధ్రాలో 2020 జనవరి 1న మమ్మల్ని ప్రభుత్వంలో కలిపారు. నోటిఫికేషన్లు వస్తే వదలకు. రాత్రి డ్యూటీ కష్టమే. బస్సులన్నీ పదింటి తర్వాత చేరతాయి, తెల్లారేసరికి మళ్లీ రోడ్డెక్కాలి. నిద్ర పాడైంది, షుగరొచ్చింది. అయినా ఒకటో తారీఖున జీతం పడుతుంది.

కరీంనగర్ టూ వీలర్:
చెల్లె, నిమ్మచెక్క కంటే సర్ఫ్‌ల రంపంపొట్టు కలిపి రుద్దుమను, మస్తు పోతది. మేం పెట్రోల్‌తోనే కడుక్కునేటోళ్లం, చర్మం పగిలి రక్తం వచ్చేది. డాక్టరు బంద్ చెయ్యమన్నడు.

మియాపూర్ టెక్నీషియన్:
పెట్రోల్ అసలు వద్దన్నా. అందులో బెంజీన్ ఉంటుంది, క్యాన్సర్ తెచ్చేది. వాడేసిన ఇంజన్ ఆయిల్ కూడా అంతే, పగిలిన చర్మానికి అంటితే మంచిది కాదు. నైట్రైల్ గ్లౌజులు డబ్బా కొనుక్కోండి. బ్రేక్ డ్రమ్ము ఎయిర్‌తో ఊదడం కూడా ఆపండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తెనాలి చెల్లెలు:
అన్నలూ, మంచి మాటే, అన్నయ్యకు చెబుతాను. కానీ నేనడిగింది చేతులు కడుక్కోవడం గురించి కాదు.

షువైఖ్ రాయచోటి:
కువైట్ గురించి కుర్రాడు అడిగితే ఒక్కరూ చెప్పలేదే! నేను ఇక్కడ కువైట్‌లోని షువైఖ్ గ్యారేజీల్లో తొమ్మిదేళ్లుగా ఉన్నా. తమ్ముడూ, ముందు వీసా నంబరు అడుగు. 18 నంబరు అయితే కంపెనీ పని. 20 నంబరు ఇంటి పనివాళ్లది. దాని మీద వచ్చి గ్యారేజీలో దొరికితే పంపించేస్తారు, పెట్టిన డబ్బంతా పోతుంది. మా ఊరోళ్లు ఇద్దరు అట్లా పోయినారు. రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని రూలుంది. లక్షలు అడిగితే నమ్మొద్దు. నువ్వు టెన్త్ పాసయ్యావు కాబట్టి పాస్‌పోర్టుకు ఈసీఎన్ఆర్ వస్తుంది, అంటే వలస అనుమతి విడిగా అక్కర్లేదు, చూసుకో.
నేను 150 దినార్లతో మొదలుపెట్టినా. ఎండాకాలం షెడ్డులో పానా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మా నాయన పోయినప్పుడు పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయి నాలుగు రోజులు ఆలస్యంగా చేరినా. ఇల్లు కట్టినా, అప్పు తీర్చినా, అది నిజమే. మీ బాబాయి కొడుకు ఏ వీసా మీద ఉన్నాడో ముందు అది కనుక్కో.

పల్నాడు కుర్రాడు:
అన్నా, ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. 20 నంబరే. తనూ భయపడుతూనే చేస్తున్నాడట, ఇన్నాళ్లూ మాకెవరికీ చెప్పలేదు. ఇక కువైట్ మాట ఎత్తను. డిపో గ్యారేజీ అన్నా, ఈఎస్ఐ కోస్తున్నారు, కార్డు మాత్రం ఇప్పటిదాకా ఇవ్వలేదు. రేపే అడుగుతాను. ఎలక్ట్రిక్ గురించి ఎవరైనా చెబుతారా?

మియాపూర్ టెక్నీషియన్:
స్కూటర్లతో మొదలుపెట్టు. కార్లలో నారింజ రంగు వైర్లు కనిపిస్తే ట్రైనింగ్ లేకుండా చెయ్యి పెట్టకు. కొన్ని వందల వోల్టులు, తప్పు జరిగితే ప్రాణం పోతుంది.

బెజవాడ మేస్త్రీ:
రాత్రంతా ఆలోచించాను. లెక్చరర్ గారి మాట తీరు నాకు నచ్చలేదు. కానీ ఆయన చెప్పిన కోణం సంగతి విన్నాక ఒక బండి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒక డీజిల్ కారుకు ఇంజన్ హెడ్ కింద ఉండే గాస్కెట్ రెండుసార్లు వేశాను. రెండుసార్లూ నీళ్లు ఆయిల్లో కలిశాయి. హెడ్ లేత్‌కు పంపించి ఫేసింగ్, అంటే చదును చేయించాను, గాస్కెట్ నాసిరకమని కొట్టువాడితో తగువేసుకున్నాను. బోల్టులు మాత్రం పాతవే బిగించాను. 9 వేలు నా చేతివి పోయాయి, ఆ కస్టమరూ పోయాడు. తప్పు బోల్టులదని ఇన్నాళ్లకు తెలిసింది. మియాపూర్ బాబూ, హెడ్ పనికి మంచి రెంచ్ ఏది కొనాలో చెప్పు. చక్రాల నట్ల విషయంలో మాత్రం నా మాట మారదు.

మియాపూర్ టెక్నీషియన్:
చాలా సంతోషం మేస్త్రీ గారూ. క్లిక్ రకం తీసుకోండి, డిగ్రీల గేజ్ విడిగా దొరుకుతుంది. పని అయ్యాక స్ప్రింగు బిగువు తగ్గించి, కింది అంకెకు తిప్పి పెట్టండి. లేకపోతే లెక్క తప్పుతుంది.

బెజవాడ మేస్త్రీ:
సరే బాబూ. పల్నాడు తమ్ముడూ, ఉద్యోగం ఇప్పుడే మానకు. మీకు సెలవు ఆదివారమేగా. మాకు అమావాస్య సెలవు, ఆదివారం షెడ్డు తీసే ఉంటుంది. వచ్చి ఇంజన్ పని చెయ్యి, ఇంజన్‌కు ఇంత అని ఇస్తాను. ఒక ఏడాది చేస్తే షెడ్డు పెట్టడానికి ధైర్యం వస్తుంది.
తెనాలి అమ్మాయ్, నీకు ఎవరూ జవాబు చెప్పలేదు. మా మామగారు ఇదే ఆటోనగర్లో లేత్ మేస్త్రీ. నా పని ఆరేళ్లు చూసి, ఆయనే మా ఇంటికొచ్చి అడిగారు. నా గోళ్లెలా ఉన్నాయో ఆయన చూడలేదు, ఆయన గోళ్లూ అలాగే ఉండేవి. మీ అన్నయ్య వివరాలు మీ పెద్దవాళ్ల చేత నాకు విడిగా పంపించు. ఇక్కడ పెళ్లీడు ఆడపిల్లలున్న ఇళ్లు రెండు మూడు తెలుసు, వాకబు చేస్తాను.

పల్నాడు కుర్రాడు:
మేస్త్రీ గారూ, ఈ ఆదివారం మొదటి బస్సుకు వస్తాను.