కర్నెల్ కంపైల్ అయింది, గ్రబ్ మాత్రం వద్దంటోంది

అడిగింది (తిరుపతి): అన్నలూ, రూమ్‌లో పాత ల్యాప్‌టాప్ మీద రాత్రి లైనక్స్ కర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము) కంపైల్‌కి పెట్టి పడుకున్నాను. మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ కాసింది, తెల్లారేసరికి ఎర్రర్ లేకుండా అయిపోయింది. సోర్స్ ఫోల్డర్‌లో పైనే వీఎమ్‌లైనక్స్ అని ఫైలు కనబడితే అదే అనుకొని బూట్‌లో వేశాను, సైజేమో 400 ఎంబీ పైన! రీస్టార్ట్ చేస్తే గ్రబ్ (ఆన్ చేయగానే కర్నెల్‌ని లోడ్ చేసే ప్రోగ్రాము) 'ఇన్‌వాలిడ్ మ్యాజిక్ నంబర్' అంటోంది. మళ్లీ రాత్రంతా కంపైల్ చేయాలా? ఎల్లుండి వైవా, ఒకటే టెన్షన్.

జవాబు (చిత్తూరు): కంపైల్ బాగానే అయింది తమ్ముడూ, నువ్వు ఎత్తుకెళ్లిందే వేరే ఫైలు. నీకు కావాల్సింది ఆర్చ్ ఫోల్డర్‌లో ఎక్స్86, దాన్లో బూట్, అందులో ఉండే బీజెడ్‌ఇమేజ్.

వీఎమ్‌లైనక్స్ అనేది లింకర్ అన్ని ముక్కలూ కలిపి ఇచ్చిన ఈఎల్‌ఎఫ్ (లైనక్స్ ప్రోగ్రాములు ఉండే ఫార్మాట్) ఫైలు, డీబగ్ సమాచారంతో (తప్పులు వెతకడానికి పనికొచ్చేది) సహా. మన దగ్గర పల్ప్ ఫ్యాక్టరీకి వచ్చిన తోతాపురి లాంటిదనుకో, తొక్కా టెంకా అన్నీ ఉంటాయి. ఆబ్జ్‌కాపీ అనే టూల్ ఆ డీబగ్ అంతా తీసేసి వీఎమ్‌లైనక్స్ డాట్ బిన్ చేస్తుంది, దాన్ని జీజిప్పో, ఎక్స్‌జెడ్డో, జెడ్‌స్టాండర్డో (ఇది 2020లో 5.9 వెర్షన్‌తో వచ్చింది) కుదిస్తుంది. ఆ తర్వాతే అసలు తమాషా. ఎమ్‌కేపిగ్గీ అనే చిన్న ప్రోగ్రాము ఒక అసెంబ్లీ ఫైలు రాస్తుంది, అందులో ఇన్‌క్‌బిన్ అనే ఒక్క లైనుతో కుదించిన మూటంతా లోపలికొస్తుంది. దానికి మూట విప్పే కోడ్‌ని జోడించి మళ్లీ లింక్ చేస్తారు, అంటే విప్పేవాడు కూడా అదే ఫైల్లో కూర్చుని వస్తాడన్నమాట. చివరికి ముందు భాగంలో బూట్ మొదట్లో నడిచే సెటప్ కోడ్ అతికిస్తే బీజెడ్‌ఇమేజ్.

గ్రబ్ చూసేది ఆ ముందు భాగాన్నే. 510, 511 బైట్లలో 55, ఏఏ అనే గుర్తు ఉండాలి, నీ ఈఎల్‌ఎఫ్ ఫైల్లో అక్కడ ఇంకేదో ఉంది కాబట్టి మ్యాజిక్ నంబర్ గొడవ. ఫైల్లోని బైట్లు చూపించే హెక్స్‌డంప్‌తో రెండు ఫైళ్లూ తెరిచి నువ్వే చూసుకో, వైవాకి కూడా పనికొస్తుంది.

ఇంకొకరు: బీజెడ్ అంటే బీజిప్2 (ఫైళ్లు కుదించే ఇంకో పద్ధతి) అని మాత్రం వైవాలో చెప్పొద్దు సామీ, నేను చెప్పి నవ్వులపాలయ్యాను. అది బిగ్ జెడ్‌ఇమేజ్. పాత జెడ్‌ఇమేజ్ కింది 640 కేబీ మెమరీలోనే దిగాలి, 512 కేబీ దాటితే చోటు చాలదు, అందుకని 1 ఎంబీ పైన దిగేట్టు దీన్ని చేశారు.

అడిగింది: బూట్ అయింది అన్నా! బీజెడ్‌ఇమేజ్ 12 ఎంబీయే ఉంది. కానీ ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే తాత్కాలిక ఫైల్ సిస్టమ్) ఒక్కటే బోలెడంత పెరిగి బూట్ పార్టిషన్ నిండిపోయింది.

జవాబు (చిత్తూరు): దాన్లోకి వెళ్లే మాడ్యూళ్లకి (కర్నెల్‌కి విడిగా లోడయ్యే ముక్కలు) డీబగ్ సమాచారం అలాగే ఉండిపోయింది. మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్' వేరియబుల్‌కి 1 ఇచ్చి, మధ్యలో ఖాళీలు కాదు అండర్‌స్కోర్లు, మళ్లీ ఇనిట్‌ఆర్‌డీ చేయించు. ముందు ఆ 400 ఎంబీ ఫైలు బూట్‌లోంచి తీసేశావా లేదా?

అడిగింది: ఇప్పుడే తీస్తున్నానన్నా 🙏