అమ్మ గోడకి అవతలే ఉన్నా వినబడలేదు: చెవి పోయిందా, అలవాటా?

మర్రిపాలెం అమ్మాయి:
నాది ఇంటి నుంచే పని, కస్టమర్ కాల్స్. పొద్దున్న తొమ్మిదికి హెడ్‌ఫోన్స్ పెడితే సాయంత్రం ఆరుకే తీయడం. వారానికి ఐదు రోజులు. తర్వాత బీచ్ రోడ్డుకి వాకింగుకెళ్ళినా చెవిలో పాటలే. సముద్రం పక్కన నడుస్తూ అలల చప్పుడు విని ఎన్నాళ్ళయిందో!

చిన్నచిన్నవి చాలా జరిగాయి. కుక్కర్ కూతలు లెక్కపెట్టమంటే పప్పు మాడ్చాను. చేపలావిడ గుమ్మం ముందే "కానాగంతలమ్మో" అని అరిచి వెళ్ళిపోయింది. మద్దిలపాలెంలో దిగాల్సినదాన్ని హనుమంతవాక దాకా పోయాను. అవన్నీ నవ్వేసుకున్నాం.

మొన్న మంగళవారం అమ్మ బాత్రూంలో జారిపడింది. లేవలేక మగ్గుతో బకెట్ మీద కొడుతూనే ఉందట. ప్లాస్టిక్ బకెట్, టక్ టక్ టక్. గోడకి ఇవతల నేను ఎవరికో రీఫండ్ ఎప్పుడొస్తుందో చెబుతున్నాను. పక్క పోర్షన్ పిన్నిగారు విని పరిగెత్తుకొచ్చి, నా భుజం మీద చరిస్తే గానీ తెలియలేదు. చీలమండ బెణికింది, అంతే. కానీ పిన్నిగారు చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది.

రాత్రిళ్ళు చెవిలో గుయ్‌మంటోంది కూడా. నిజంగానే వినికిడి తగ్గిందా, లేక పట్టించుకోకపోవడం అలవాటైందా?

ఆడియోగ్రామ్:
వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. రెండూ అయ్యుండొచ్చు. పెద్దవాళ్ళకి చప్పుడు 80 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) అయితే వారానికి 40 గంటల వరకు ఫర్వాలేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మీకు పనికే 45, పైగా పాటలు. 90 డెసిబెల్స్‌కి పెంచితే వారానికి 4 గంటలే. పెద్ద చప్పుడుకి లోపలి చెవిలోని కణాలు చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. మొదట దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి, కీచు ధ్వనులు. అంటే మాట వినబడుతుంది గానీ స, శ లాంటివి జారిపోతాయి. "ఏంటీ?" అని ఎన్నిసార్లు అడుగుతున్నారో చూసుకోండి. ఈఎన్‌టీ డాక్టర్ని కలిసి ఆడియోగ్రామ్ (ఏ ధ్వని ఎంత వినబడుతోందో చూపే పరీక్ష) తీయించండి.

మర్రిపాలెం అమ్మాయి:
అమ్మని అడిగితే నవ్వింది. "రోజూ మన గొడవ దాని గురించేగా" అంది. బయట లారీల హారన్లు, పైన ఫ్యాను. అందుకే వాల్యూమ్ పెంచేస్తాను. బయటి చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్స్ కొననా?

ఆడియోగ్రామ్:
వాటితో వాల్యూమ్ తగ్గించుకోవచ్చు, నిజమే. కానీ బకెట్ చప్పుడు ఇంకా వినబడదు. రోడ్డు మీదైతే అసలు వద్దు.

పాత వెల్డర్:
అమ్మాయీ, మాది గాజువాక. ముప్పై ఏళ్ళు రేకుల మీద సుత్తి చప్పుడులో పనిచేసినోణ్ణి. చెవి ప్లగ్గులిస్తే చెమటకి చిరాకేసి జేబులో ఏసుకునేవోణ్ణి. ఇప్పుడు మనవరాలు ఫోన్లో ఏటందో పక్కనోళ్ళు చెప్పాలి. మాకు కూలి కోసం పోయింది. నువ్వు డబ్బులెట్టి కొనుక్కుని మరీ పోగొట్టుకుంటావేటి?

ఉక్కపోత:
నాదింకో గోల. మన ఊరి చెమటకి ఇయర్‌బడ్స్ రబ్బరు కింద చెవి తడితడిగానే ఉండిపోతుంది. దురదేస్తే అగ్గిపుల్లతో గోకాను, కొబ్బరినూనె పోశాను. డాక్టర్ చూసి బూజు పట్టిందన్నారు. మీరు ఆ రెండూ చేయకండి.

మర్రిపాలెం అమ్మాయి:
అగ్గిపుల్ల కాదు గానీ పిన్నీసు పెట్టాను, ఎవరికీ చెప్పకండి. శనివారం పరీక్షకి వెళ్తున్నాను. ఆఫీసులో అడిగి ఒక చెవికే పెట్టుకునే హెడ్‌సెట్ తెచ్చుకున్నాను. అమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. బాత్రూంలో ప్లాస్టిక్ మగ్గు తీసేసి స్టీలు చెంబు పెట్టుకుంది.