అవ్వకు తలల రక్తనాళం పగిలింది. క్లిప్పు పెట్టియ్యాల్నా, కాయిలా? చూసినోళ్లు చెప్పున్రి

కోరుట్ల_బిడ్డ:
అందరికీ నమస్కారం. కొంచెం పొడుగైతది, ఏమనుకోకున్రి.

మా అవ్వకు 54 ఏండ్లు. మొన్న సోమవారం పొద్దుగాల అరుగు మీద కూసొని బీడీలు చేస్తాంది. ఒళ్లె చాట, చాటల తంబాకు, కత్తిరించిన తునికాకు. ఒక్కసారే రెండు చేతులతోని నెత్తి పట్టుకొని "రోకలితోని కొట్టినట్టయింది బిడ్డా" అన్నది. చాట పక్కకు ఒరిగి తంబాకంత కింద పడ్డది. రెండు సార్లు కక్కుకున్నది. మెడ వంచరాలే. బీపీ ఎక్కువైందని ఊర్లె ఒకాయన సూదేసి, పండుకుంటే తగ్గుతదని పంపిండు. మేమూ నమ్మినం. ఒక దినమంత అట్ల పోయింది, అది తల్సుకుంటే నాకు నిద్ర పడ్తలేదు. తెల్లారి మగతగ అయితే కరీంనగర్ తీస్కపోయినం. సీటీ తీసి మెదడు చుట్టూ రక్తం ఉన్నదన్నరు. అక్కడికెళ్లి హైదరాబాద్ తెచ్చినం. రంగు మందు ఎక్కిచ్చి తీసిన స్కాన్‌ల, మెదడు ముందట రెండు రక్తనాళాలను కలిపే సన్న నాళం మీద 6 మిల్లీమీటర్ల బుడగ కనపడ్డది. అదే పగిలిందట.

ఇప్పుడు రెండు తొవ్వలు చెప్పిన్రు. పుర్రె తెరిచి బుడగ మొదలుకు క్లిప్పు పెట్టుడు ఒకటి. తొడ మొదట్ల నుంచి సన్న గొట్టం పంపి బుడగల ప్లాటినం తీగె చుట్టుడు ఇంకోటి, దాన్నే కాయిల్ అంటరట. రేపు పొద్దుగాలకల్ల చెప్పాలె. మా మేనమామ పుర్రె తెరవనియ్యనే వద్దంటడు. బాపు ఏం మాట్లాడ్తలేడు. మీ ఇండ్లల్ల ఎవరికన్న అయిందా?

పరకాల_రైతు:
తమ్మీ, మా ఇంటామెకు 2019ల గిదే అయింది. క్లిప్పు పెట్టిన్రు. ఇప్పుడు పత్తి ఏరస్తది, వంట చేస్తది, లెక్కలు నాకన్న మంచిగ చెప్తది. ముందు ఇది విను, ధైర్యం వస్తది.

ఇగ మేం చేసిన తప్పు చెప్త. ఆపరేషన్ అయింది, క్లిప్పు పడ్డది, ఇగ గండం గడిచిందని అనుకున్నం. చుట్టాలందరు ఇంటికి మర్లిన్రు. ఆరో నాడు ఆమె ఊకె పండుకుంటాంది. అలసిపోయింది, పండుకోనీ అన్న నేను. అన్నం తినిపియ్యబోతే కుడిచెయ్యి లేస్తలేదు. సిస్టరమ్మ చూసి ఉరికింది. కారిన రక్తం చుట్టుపక్కల నాళాలను ముడుచుకపోయేటట్టు చేస్తదట. అది నాలుగో నాటి నుంచి పద్నాలుగో నాటి దాక ఎప్పుడన్న రావచ్చట. ముందుగాల ఎవరన్న చెప్పినా మా చెవులకు ఎక్కలేదు కావచ్చు. రెండు రోజులు మళ్ల ఐసీయూల పెట్టిన్రు, చెయ్యి వచ్చింది.

దీని కోసమే నిమోడిపిన్ గోలీలు రాస్తరు. నాలుగు గంటలకొకపారి, రాత్రి రెండు గంటలకు గూడ, 21 రోజులు. ఇంటికొచ్చినంక నేను ఫోన్‌ల అలారం పెట్టుకున్న. ఒక్కటి గూడ తప్పనియ్యలే.

న్యూరో_సిస్టర్_వరంగల్:
నేను న్యూరో ఐసీయూలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాదు, మీ అమ్మగారి ఫిల్ములు చూడలేదు. కానీ మీరు అడిగిన ప్రశ్న మీదే ఒక పెద్ద అధ్యయనం జరిగింది, అది చెప్తాను.

దాన్ని ఐశాట్ అంటారు. బుడగ పగిలిన 2,143 మందిని, చీటీలు తీసినట్టు, కొందరిని క్లిప్పుకు కొందరిని కాయిల్‌కు పంచారు. ఫలితం 2002లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే, చనిపోయినవాళ్లు, ఇంకొకరి ఆసరా లేకుండా బతకలేనివాళ్లు కలిపి క్లిప్పు వాళ్లలో వందకు 31 మంది దాకా, కాయిల్ వాళ్లలో 24 మంది దాకా తేలారు. కాయిల్ ఇంతగా వాడుకలోకి రావడానికి ఆ లెక్కే పెద్ద కారణం.

అయితే ఆ లెక్క చూపించి డాక్టర్‌తో వాదించకండి. రెండింట్లో ఏది చేసినా నడుస్తుందని తోచిన పేషెంట్లనే ఆ అధ్యయనంలోకి తీసుకున్నారు. అందరి బుడగలూ అట్లా ఉండవు. మీరు అడగాల్సింది బుడగ మెడ గురించి. మెడ సన్నగా ఉంటే తీగె లోపల చుట్టుకొని నిలుస్తుంది. వెడల్పుగా ఉంటే బయటికి జారే ప్రమాదం ఉంది, అప్పుడు స్టెంట్ లాంటి ఆసరా పెట్టాలి, లేదా క్లిప్పే మేలు. గడ్డకట్టిన రక్తం పెద్దదై మెదడును నొక్కుతుంటే తెరవడమే మంచిది, గడ్డా తీస్తారు, క్లిప్పూ పెడతారు. కాయిల్ వేసిన బుడగ కొంత మళ్లీ తెరుచుకునే అవకాశం క్లిప్పు కంటే ఎక్కువ. అందుకే కొన్ని నెలలకు మళ్లీ యాంజియోగ్రామ్‌కు రమ్మంటారు. ఆ రాకపోకలకు మీ ఇల్లు సిద్ధంగా ఉందా అనేది కూడా ఆలోచించుకోండి.

పరకాల అన్న చెప్పిన గోలీలు ఊరికే రాసేవి కావు. 1989లో బ్రిటన్‌లో 554 మంది మీద పరీక్షించారు. ఆ మందు వేసుకున్నవాళ్లలో మెదడు భాగాలు రక్తం అందక చచ్చుబడటం మూడో వంతు తగ్గింది. గోలీ వేశాక బీపీ పడిపోవచ్చు. అట్లా పడిపోతే సొంతంగా ఆపకుండా అక్కడి సిస్టర్లకు చెప్పండి. రక్తంలో సోడియం అనే ఉప్పు కూడా పడిపోవచ్చు, రోజూ రిపోర్ట్ అడగండి.

మామయ్యను ఒప్పించేదాకా మాత్రం ఆగకండి. ఒకసారి పగిలిన బుడగ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. ఆ గడియ మీకు దాటింది, కానీ ప్రమాదం ఇంకా పోలేదు, ఆలస్యం చేయకండి.

కోరుట్ల_బిడ్డ:
అక్కా, నీ కాళ్లకు మొక్కుత. మెడ గురించి ఇప్పుడే పోయి అడుగుత. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నది. కాయిల్ పైసలు దాంట్ల వస్తయా?

న్యూరో_సిస్టర్_వరంగల్:
2023 డిసెంబర్ నుంచి కార్డు మీద పది లక్షల దాకా పరిమితి ఉంది. అయితే ఏ ఆపరేషన్‌కు, ఏ సామానుకు ఎంత అన్నది ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

హన్మకొండ_అక్క:
తమ్ముడూ, "పుర్రె తెరవద్దు" అన్న మాట మా ఇంట్ల గూడ ఎవరో అన్నరు. మేం రెండు నెలలు ఆగినం. మాది వేరే జబ్బు, మా చిన్నతమ్మునికి మెదడుల ట్యూమర్, 41 ఏండ్లు. నీకు అక్కరకొస్తదో రాదో, నాకు మాత్రం చెప్పాలని ఉన్నది.

గడ్డ మాట పలికే చోటుకు ఆనుకొని ఉండె. అందుకని మెలకువల పెట్టే ఆపరేషన్ చేసిన్రు. మెదడుకు నొప్పి తెలువదట, నెత్తి తోలుకు, మెదడు మీది పొరకు మత్తు సూదిస్తె చాలట. కెనడాల పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ 1930ల కాలంలనే మెలకువగున్న పేషెంట్ల మెదడు మీద సన్న కరెంటు తాకించి, ఎక్కడ ముట్టుకుంటె ఏది ఆగుతదో పటం గీసిండు. మా వానికి గూడ అట్లనే చేసిన్రు. ముందట బొమ్మలు పెట్టి పేర్లు చెప్పుమన్నరు. చెంబు, కుర్సీ, గొడుగు అని చెప్పుకుంట పోయిండట. గడియారం బొమ్మ దగ్గర "ఇది... ఇది..." అని ఆగిపోయిండట. తెలుసు గని నోట్లెకు రాలేదక్కా అని తర్వాత వాడే చెప్పిండు. ఆ జాగల డాక్టరు సన్న కాయితం ముక్క పెట్టి, దాన్ని ముట్టకుండ పక్కకెళ్లి తీసిండు. వాని మాట వానికి మిగిలింది.

గ్లయోబ్లాస్టోమా అని, జల్ది పెరిగే మెదడు క్యాన్సర్ అని రిపోర్ట్ వచ్చింది. 30 సార్లు కరెంటు (రేడియేషన్), దాంతోపాటు టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ గోలీలు. 2005ల 573 మంది మీద చేసిన పరిశోధనతోని ఈ వైద్యం స్థిరపడ్డది. కరెంటు ఒక్కటే పెట్టినోళ్లల్ల సగం మంది 12.1 నెలలు దాటిన్రు, గోలీలు కలిపినోళ్లల్ల సగం మంది 14.6 నెలలు దాటిన్రు. రెండేండ్లు ఉన్నోళ్లు వందకు 10 నుంచి 26కు పెరిగిన్రు. చదివినప్పుడు రెండున్నర నెలలేనా అని ఏడ్చిన. మా వాడు 19 నెలలు ఉన్నడు. బిడ్డ పదో తరగతి పాసయింది చూసిండు, దాన్ని పేరు పెట్టి పిలిచిండు. ఆ పిలుపు ఆపరేషన్ చేయించబట్టే మిగిలింది. మేం ఆగిన ఆ రెండు నెలలే నా గుండెల ముల్లు లెక్క ఉన్నది. మీ మామకు ఇది చదివి వినిపియ్యి.

మెట్‌పల్లి_99:
మా చెల్లె కొడుక్కు 14 ఏండ్లు. ఫిట్స్ వచ్చినయ్. స్కాన్‌ల 12 మిల్లీమీటర్ల ఉంగరం లెక్క గడ్డ ఉన్నదన్నరు. అక్క రాసింది చదివి చేతులు వణుకుతున్నయ్. ఇది గూడ గట్లాంటిదేనా?

న్యూరో_సిస్టర్_వరంగల్:
భయపడకండి. మన దేశంలో ఫిట్స్‌తో వచ్చే పిల్లల స్కాన్‌లో కనిపించే చిన్న ఉంగరం చాలాసార్లు ట్యూమర్ కాదు, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చిన గాయం. వెల్లూరు సీఎంసీ న్యూరోసర్జన్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 20 మిల్లీమీటర్ల లోపు ఉండి, మెదడు పక్కకు జరగకుండా ఉంటే, ఆపరేషన్ లేకుండా ఫిట్స్ మందు ఇచ్చి కొన్ని వారాలకు మళ్లీ స్కాన్ చూడొచ్చని చూపించారు. చాలావరకు వాటంతట అవే మాయమవుతాయి. టీబీ గడ్డ కూడా అట్లాగే కనిపిస్తుంది, అది డాక్టర్ తేలుస్తారు. ఫిట్స్ మందు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి.

ఏటూరునాగారం_సారు:
ఇది చదివేవాళ్లలో మా అడవి ఊర్ల వాళ్లుంటే, వాళ్ల కోసం రాస్తున్న.

మా నాయినకు పక్షవాతం వచ్చినప్పుడు 57 ఏండ్లు. బావి కాడ మూతి వంకర పోయింది, ఎడమ కాలు చెయ్యి పడిపోయినయ్. ఒకరు యాస్పిరిన్ గోలి నూరి నోట్లె పోసిన్రు. ఇంకొకరు పావురాన్ని కోసి ఆ రక్తం కాలుకు రాసిన్రు. వరంగల్ చేరేసరికి ఏడు గంటలయింది. నాళంల రక్తపు గడ్డ ఇరికిందా, నాళం పగిలిందా అన్నది బయటికి చూస్తే ఎవ్వరికీ తెలువది, సీటీ తీస్తెనే తెలుస్తది. పగిలిన మనిషికి యాస్పిరిన్ ఇస్తె ఇంకా కారుతది. కాబట్టి నోట్లె ఏం పోయకున్రి, 108కు ఫోన్ కొట్టున్రి. గడ్డ కరిగే సూది నాలుగున్నర గంటల లోపే. మాకు ఆ టైం దాటింది. తీగె పంపి గడ్డను లాగే పద్ధతి కొందరికి 24 గంటల దాక పనిచేస్తదని 2018ల తేలింది, మాకు అది అందలేదు.

రెండో నాడు మెదడు వాచింది. పుర్రె ఎముక ఒక పక్కది తీసేస్తం, లేకుంటే బతకడు అన్నరు. 2007ల యూరప్ పరిశోధనలు మూడు కలిపి చూస్తే, అరవై దాటనోళ్లకు 48 గంటల్ల ఇట్ల ఎముక తీసినోళ్లు వందకు 78 మంది బతికిన్రు, తీయనోళ్లు 29 మంది. బతికినా మంచానికే పరిమితం కావచ్చని డాక్టర్ దాచకుండ చెప్పిండు. సంతకం పెట్టిన.

తీసిన ఎముకను నాయిన కడుపు తోలు కింద దాచిన్రు. మూడు నెలలు నెత్తి కుడి పక్క గుంటపడి మెత్తగ ఉండె. తుండుగుడ్డతోని తుడుస్తుంటె నా అరచెయ్యి కింద గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుండె. కడుపు మీద చెయ్యి పెడ్తె ఎముక అంచు దొరుకుతుండె. మళ్ల దాన్ని తీసి నెత్తికి బిగించిన్రు. ఎడమ చెయ్యి రాలేదు. కట్టె పట్టుకొని బావి దాక నడుస్తడు. మా నాయిన నాతోని మాట్లాడుతున్నడు, నాకది కావాలె.

కోరుట్ల_బిడ్డ:
పన్నెండు రోజులయింది రాయక. మీరందరు ఎదురుచూస్తున్నరు కావచ్చు.

బుడగ మెడ సన్నగనే ఉన్నదన్నరు. కాయిల్ వేసిన్రు. మామకు హన్మకొండ అక్క రాసింది మొత్తం చదివి వినిపిచ్చిన. ఏం అనలే, లేచి పోయి రక్తం ఇచ్చొచ్చిండు. ఏడో నాడు సోడియం 128కి పడ్డది. రోజూ అడుగుతుంటి గద, ఆ పూటనే దొరికింది. గోలీలు సిస్టర్లే ఇస్తున్నరు గని నేను గూడ ఒక కాపీల టైం రాసుకుంటున్న, రాత్రి రెండు గంటలది గూడ. ఆరోగ్యమిత్రతోని కాగితం రాయించుకున్న.

నిన్న వార్డుకు మార్చిన్రు. పొద్దుగాల ఇడ్లీ తిన్నది పది గంటలకు యాది లేదు. ఆ జాగల పగిలితే యాదిమరుపు వస్తదట, కొన్ని నెలలు పట్టచ్చన్నడు డాక్టరు. ఇది ఏ ఊరు అంటె కోరుట్ల అంటది. కని సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, "సోమారం నాటి బీడీలు కార్ఖానల ఇచ్చిన్రా? రెండు కట్టలు తక్కువున్నయ్, చెల్లెను చేసియ్యమను" అన్నది. చెల్లెకు ఫోన్ చేసిన. చాట తెచ్చి లెక్కపెట్టింది. రెండు కట్టలే తక్కువున్నయ్.