జాకెట్లు కుట్టే పనిలో మెడ, నడుము పట్టేస్తున్నాయి: కుర్చీ మార్చాలా, డాక్టర్‌కు చూపించాలా?

ప్రశ్న (తెనాలి, ఇంట్లో కుట్టుపని)

అందరికీ నమస్కారం. నా వయసు 43. ఇంట్లోనే జాకెట్లు, డ్రస్సులు కుడతాను. మామూలు రోజుల్లో నాలుగైదు లైనింగ్ జాకెట్లు అవుతాయి. శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్ వస్తే రాత్రి పదకొండు దాకా మెషిన్ మీదే ఉంటాను. చాలాకాలంగా మెడ వెనక మొదలై కుడి జబ్బ దాకా లాగుతోంది. సాయంత్రానికి కుర్చీలోంచి లేస్తే నడుము ఒక పట్టాన నిటారుగా రాదు. ఈమధ్య కొత్తగా రాత్రిపూట కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. విదిలిస్తే తగ్గుతుంది. మందుల షాపులో అడిగి బిళ్లలు వేసుకుంటే ఆ పూటకి బాగుంటుంది.

నడుం బెల్టు పెట్టుకోమని ఒకరు, కుట్టడం మానెయ్యమని ఇంకొకరు అంటున్నారు. పిల్లల ఫీజులు దీని మీదే, మానడం కుదరదు. పాత కాలి మెషిన్‌కి మోటారు బిగించాం. కూర్చునేది మామూలు చేతుల ప్లాస్టిక్ కుర్చీలో. కటింగ్ నేల మీద చాప వేసుకుని చేస్తాను. ఏది ముందు మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కరీంనగర్, టైలరింగ్ షాపు)

అక్కా, ముందు ఆ నేల మీద కటింగ్ బంద్ చెయ్యి. మోకాళ్ల మీద కూర్చుని, ముందుకు ఒంగి, ఒక చెయ్యి ఆన్చి ఇంకో చేత్తో పెద్ద కత్తెర నడిపిస్తే నడుము, మణికట్టు రెండూ పోతయ్. నిలబడి కత్తిరించేటట్టు బల్ల పెట్టుకో. ఎత్తెంతంటే, నిలబడి చెయ్యి మడిస్తే మోచెయ్యి ఎక్కడికొస్తదో దానికి మూడు నాలుగు అంగుళాలు కిందికి. ఐదడుగుల రెండంగుళాల మనిషికి 35, 36 అంగుళాలు సరిపోతది. కొత్తది కొనాల్సిన పని లేదు. పాత తలుపు చెక్కను రెండు గట్టి స్టాండ్ల మీద వేసినా చాలు, కదలకుండా ఉండాలె గంతే.

రెండోది కత్తెర. పదును పోయినదాంతోని లైనింగ్, పట్టు కలిపి కోస్తుంటే బొటనవేలి మొదట్ల ఎంత జోరు పడ్తదో నీకు తెలుసు. సీజన్ మొదలుకాకముందే సానపెట్టించు, మధ్యల ఇంకోసారి పట్టించు.

ఇస్త్రీ కూడా కూర్చున్న చోట చెయ్యకు. ఇస్త్రీ బల్ల గదికి ఆ చివర పెట్టు. భుజాలు కలిపినంక ఒకసారి, చేతులు ఎక్కించినంక ఒకసారి లేచిపోయి నిలబడి ఇస్త్రీ చేస్తవు. అరగంటకోసారి లేవాలని ఎవరు చెప్పినా పని మీద ఉన్నప్పుడు గుర్తుండదు. పనే లేపితే లేస్తం. ఇంకోటి, మన ఆడోళ్లం బాత్రూంకు పోవుడు తప్పించుకుందామని నీళ్లు తాగం. తాగు, దాంతోని కూడా లేస్తవు.

జవాబు (గుంటూరు, ఫిజియోథెరపిస్టు)

అమ్మా, మీరు రాసినదాంట్లో మూడు వేర్వేరు బాధలున్నాయి. మెడ, జబ్బ లాగడం ఒకటి. నడుము ఒకటి. రాత్రి తిమ్మిరి ఇంకొకటి. మూడింటికీ ఒకే బిళ్ల వేస్తూ పోవద్దు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు రోజూ నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు. వాటిని షాపులో అడిగి తెచ్చుకోవడం ఇవాళే ఆపండి.

నడుం బెల్టు కూడా వద్దు. దీర్ఘకాలిక నడుము నొప్పికి మామూలు చికిత్సగా బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టే చికిత్స) వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. మంచం మీద రోజుల తరబడి పడుకోవడమూ మేలు చేయదు. కదలికే మందు.

నాకు మూడు సంగతులు చెప్పండి. తిమ్మిరి ఏ వేళ్లలో వస్తోంది, చిటికెన వేలికి కూడా ఉందా? సూదిలో దారం మీరే ఎక్కిస్తారా? టేపుతో నేల నుంచి కుర్చీ ఎత్తు, మెషిన్ బల్ల ఎత్తు కొలిచి రాయండి.

ఈలోగా ఒక హెచ్చరిక. మల మూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ పోయినా, కాలు బలం తగ్గి పాదం ఈడ్చుకుపోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో పాటు నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారు

డాక్టరు గారూ, తిమ్మిరి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలిలో. చిటికెన వేలు బాగానే ఉంది. సూదిలో దారం మా అమ్మాయి ఎక్కించి పెడుతుంది, రాత్రిళ్లు నాకు అసలు కనిపించదు. నల్ల జాకెట్టు అయితే పగలు వాకిట్లోకి తీసుకెళ్లి కుడతాను. కుర్చీ 16 అంగుళాలు, మెషిన్ బల్ల 30. నా ఎత్తు ఐదడుగుల రెండు.

జవాబు (గుంటూరు, ఫిజియోథెరపిస్టు)

ఇప్పుడు స్పష్టంగా ఉంది. ముందు కళ్లు. నలభై దాటాక వచ్చే చత్వారం ఇది. దగ్గరి చూపు ఆనక మీరు సూది దగ్గరికి ముఖం తీసుకెళ్తున్నారు. తల బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. అది భుజాల మీద నిలబడితే మెడకు భారం తెలియదు. ముందుకు వాలిన కొద్దీ వెనక కండరాలు గంటల తరబడి దాన్ని లాగి పట్టుకోవాలి. మీ మెడ నొప్పికి మొదటి వైద్యం కళ్లద్దాలు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు, కూర్చుని కుట్టేటప్పుడు కంటికీ సూదికీ మధ్య ఉండాల్సిన దూరం కొలుచుకుని వెళ్లండి, ఆ దూరానికి అద్దాలు రాయమనండి. సూది మీద నేరుగా పడేలా, వంచుకోవడానికి వీలున్న ఎల్‌ఈడీ దీపం ఒకటి మెషిన్‌కి పెట్టించండి.

తర్వాత ఎత్తు. మీ ఎత్తు మనిషికి కూర్చున్నప్పుడు మోచెయ్యి కుర్చీ పీట మీద నుంచి ఎనిమిది తొమ్మిది అంగుళాల పైన ఉంటుంది. అంటే 16 అంగుళాల కుర్చీలో మీ మోచెయ్యి 25 దగ్గర, బల్ల 30 దగ్గర. ఆ ఐదంగుళాల తేడా పూడ్చడానికి రోజంతా భుజాలు పైకెత్తి కుడుతున్నారు. జబ్బ లాగేది అందుకే. కుర్చీ పీట 19, 20 అంగుళాలకు పెంచండి. చేతులున్న కుర్చీ బల్లకి అడ్డం తగిలి మిమ్మల్ని దూరంగా ఉంచుతుంది కాబట్టి చేతుల్లేనిది, వీపు ఆనేది, గట్టి చెక్క కుర్చీ తీసుకోండి. దాని మీద గట్టి దిండు వేసి ఎత్తు సరిచూసుకోవచ్చు. మెత్తటి స్పాంజి అయితే కూర్చోగానే దిగిపోతుంది.

కుర్చీ పెంచితే కాళ్లు గాల్లో ఉంటాయి, తొడల కింద నొక్కుకుంటుంది. అందుకే కాళ్ల కింద ఇంకో పీట కావాలి. దాని సంగతి కుట్టేవాళ్లు బాగా చెప్పగలరు.

చెయ్యి సంగతి. చిటికెన వేలు వదిలేసి మిగతా వేళ్లు తిమ్మిరెక్కడం, రాత్రి లేపడం, విదిలిస్తే తగ్గడం చూస్తే మణికట్టు దగ్గర సొరంగం లాంటి ఇరుకు దారిలో నరం నొక్కుకుపోతున్నట్టుంది. కార్పల్ టన్నెల్ అంటారు. పరీక్ష చేయకుండా ఖాయం చేయలేను. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ, ఆ రెండు రక్తపరీక్షలు చేయించండి. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ కట్టుకోండి, బిగించి కాదు.

ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700 నాటికే కూర్చుని పనిచేసే దర్జీల కాళ్ల తిమ్మిర్లు, తుంటి నొప్పి గురించి రాశాడు. మూడు వందల ఏళ్లకు పైగా తెలిసిన బాధ ఇది. ఇప్పటికీ మన దగ్గర కుట్టు నేర్పే చోట కుర్చీ ఎత్తు ఒక పాఠంగా చెప్పకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

జవాబు (కరీంనగర్, టైలరింగ్ షాపు)

కాళ్ల కింది పీట నేను చెప్త. మోటారు ఉంది కాబట్టి కింద ఇనుప తొక్కుడు పలకతోని నీకు పని లేదు. అది ఊగకుండా రెండు దిక్కులా తాడుతోని కట్టెయ్. దాని మీద వెడల్పాటి చెక్క వేసి రబ్బరు చాప పరిచి, మోటారు పెడల్ దాని మీద పెట్టు. రెండో పాదం కూడా అదే చెక్క మీద, అదే ఎత్తుల ఉండాలె. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టుకుని కుడితే నడుము ఒక పక్కకు తిరిగి ఉంటది. పెడల్ సూదికి సూటిగా ఉండాలె. దూరంగా ఉంటే కాలు చాపి కుర్చీ అంచుకు జారుతవు.

ఇంకొకటి: మెషిన్ స్టాండు వెనక రెండు కాళ్ల కింద రెండంగుళాల చెక్కలు పెడితే బల్ల నీ దిక్కు కొంచెం వాలి, సూది దగ్గర బట్ట ఒంగకుండనే కనిపిస్తది. చెక్కలో కాలు పట్టేంత గుంట తొలిపించు, లేకపోతే మోటారు ఊపుకు జారుతది. కత్తెర, బాబిన్లు ముందుకు దొర్లకుండా బల్ల అంచుకు సన్నటి పట్టీ కొట్టించు.

హెమ్మింగ్, హుక్కులు, కాజాలు ఒళ్లో పెట్టుకుని కుట్టకు. ఒళ్లో పెద్ద దిండు, దాని మీద బట్ట. పని పైకి రావాలె, నువ్వు కిందికి పోవద్దు.

జవాబు (ఆలేరు, చేనేత కుటుంబం)

టైలరింగ్ నాకు తెలియదు, కాని ఒక మాట చెప్పాలనిపించింది. మా దిక్కు పోచంపల్లి చీరకు ఆసు పోసేది, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి వరుసలు పెట్టేది, ఎక్కువగా ఆడవాళ్లే. ఒక్క చీరకు దారం పట్టుకుని చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన అమ్మను పని మానమనలేదు, పనిముట్టును మార్చారు. మీకు పని మానమని చెప్పేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఖర్చు గురించి: 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. నమోదై అర్హత తేలితే పనిముట్లకు రూ.15,000 వరకు వోచరు ఇస్తారు. మీ దగ్గర్లో కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇవాళే తొక్కుడు పలక కట్టించి కుర్చీ మీద దిండు వేశాను. భుజాలు కిందికి దిగినట్టు తెలుస్తోంది. కళ్లద్దాలకు రేపు వెళ్తున్నాను. డాక్టరు గారూ, వ్యాయామాలు ఏమైనా చెప్పండి. చెయ్యి తిమ్మిరికి ఎన్నాళ్లు చూసి డాక్టర్‌కు చూపించాలి?

జవాబు (గుంటూరు, ఫిజియోథెరపిస్టు)

ఇస్త్రీకి లేచినప్పుడల్లా మూడు చేయండి, రెండు నిమిషాలు కూడా పట్టదు. చేతులు నడుము మీద పెట్టి నెమ్మదిగా వెనక్కి వంగడం, ఐదుసార్లు. గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచడం. గుమ్మానికి రెండు పక్కలా ముంజేతులు ఆన్చి ఒక అడుగు ముందుకేసి ఛాతీ సాగదీయడం. చేస్తుంటే నొప్పి కాలిలోకో చేతిలోకో పాకితే ఆపేయండి. రోజూ పొద్దున అరగంట నడిస్తే నడుముకు ఇంకా మంచిది.

చెయ్యికి రాత్రి పట్టీ ఆరు వారాలు కట్టి చూడండి. తగ్గకపోతే ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించండి, నరం ఎంత నొక్కుకుందో తెలిపే పరీక్ష రాస్తారు. అయితే చేతిలోంచి సూది, కత్తెర జారిపోతున్నా, పగలు కూడా తిమ్మిరి వదలకపోయినా, బొటనవేలి మొదట్లో కండ పల్చబడినట్టు కనిపించినా ఆరు వారాలు ఆగొద్దు. సీజన్ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. కండ తగ్గిపోయాక ఆపరేషన్ చేసినా పాత బలం పూర్తిగా రాకపోవచ్చు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంటే ముందు అక్కడికి వెళ్లండి, మీరు కుట్టేటప్పుడు పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకుని చూపించండి.