దేవుని ఉగ్రత, దేవుని ప్రేమ: పిల్లలకు ఏం చెప్పాలి?

సండేస్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. పోయిన వారం క్లాసులో సిలువ పాఠం చెప్పాను. ఎప్పుడూ వాడే ఉపమానమే. న్యాయాధిపతి జరిమానా వేస్తాడు, దోషి దగ్గర డబ్బు ఉండదు, న్యాయాధిపతి కొడుకు వచ్చి కట్టేస్తాడు. బోర్డు మీద బొమ్మ కూడా వేశాను. పైన కళ్లెర్రజేసిన న్యాయాధిపతి, కింద వణుకుతున్న మనిషి, మధ్యలో చేతులు చాపి యేసు. తొమ్మిదేళ్ల పాప ఒకతి చెయ్యెత్తి, "టీచర్, యేసు అడ్డం రాకపోతే దేవుడు మనల్ని కొట్టేసేవాడా? అయితే యేసే కదా మంచివాడు?" అంది. నాకేం తోచలేదు. "లేదమ్మా, దేవుడూ మంచివాడే" అనేసి, ప్రార్థన చేసి పంపించేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను వేసిన బొమ్మ చూస్తే ఎవరికైనా ఆ ప్రశ్నే వస్తుంది. దేవుడు ప్రేమాస్వరూపి అని 1 యోహాను 4:8 చెబుతోంది. ఉగ్రత అన్న మాట పాత నిబంధనలోనూ ఉంది, కొత్త నిబంధనలోనూ ఉంది. ఈ రెండూ ఎలా కలిపి చెప్పాలి? పిల్లల దగ్గర ఉగ్రత మాటే ఎత్తకుండా ఉంటే సరిపోతుందా?

పాతకాపు:
సరిపోదు సిస్టర్. ఆ దారిలో ఒకాయన ముందే వెళ్లాడు. 2వ శతాబ్దంలో మార్సియన్ అనే అతను, పాత నిబంధనలోని కోపిష్టి దేవుడు వేరు, యేసు చూపించిన ప్రేమగల తండ్రి వేరు అన్నాడు. 144లో రోమ్ సంఘం అతన్ని బయటికి పంపింది. అతను పాత నిబంధన మొత్తం పక్కన పెట్టేశాడు. లూకా సువార్తలోనూ పౌలు పత్రికల్లోనూ తన మాటకు అడ్డొచ్చినవి కోసేశాడు. ఉగ్రతను తీసేయడం మొదలుపెడితే కత్తెర ఎక్కడ ఆగుతుందో తెలియదు.

యోహాను 3:16 మనందరికీ కంఠతా వచ్చు. అదే అధ్యాయం 36వ వచనం ఎంతమందికి వచ్చు? "దేవుని ఉగ్రత వానిమీద నిలిచి యుండును" అని ఉంది. 4వ శతాబ్దం మొదట్లో లాక్టాన్షియస్ అనే క్రైస్తవ రచయిత దేవుని కోపం మీద ఏకంగా ఒక గ్రంథం రాశాడు. మంచిని ప్రేమించేవాడు చెడును ద్వేషించక తప్పదు, ఏ కోపమూ రాని దేవునికి దయ కూడా ఉండదు అన్నది ఆయన వాదన. నాకు అది సరైనదే అనిపిస్తుంది.

నీలిసిరా:
పాతకాపు గారూ, మీరు చెప్పేది పుస్తకంలో బాగానే ఉంటుంది. మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. మా తమ్ముడు మంచాన పడ్డప్పుడు ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఇంకా ప్రార్థన మొదలుపెట్టనే లేదు, "ఈ ఇంట్లో దాచిన పాపం ఏదో ఉంది, అందుకే ఉగ్రత దిగింది, ఒప్పుకోండి" అన్నాడు. మా అమ్మ ఆ రాత్రంతా కూర్చుని, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేసిన తప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాసింది. చిన్నప్పుడు పక్కింటి చెట్టు కాయలు చెప్పకుండా కోసిన సంగతితో సహా. నాలుగు నెలలకి తమ్ముడు పోయాడు. అమ్మ మాత్రం ఇంకా ఏదో రాయడం మర్చిపోయాననే అనుకుంటోంది. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.

సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులేం కాదని యేసే చెప్పాడు (లూకా 13:4). అయినా కష్టం వచ్చిన ప్రతి ఇంటికీ ఉగ్రత ముద్ర వేస్తారు. అందుకే నాకు సి.హెచ్. డాడ్ అనే పండితుడు 1932లో రోమా పత్రిక వ్యాఖ్యానంలో చెప్పిన మాట నచ్చింది. ఉగ్రత అంటే దేవునికి వచ్చే ఆవేశం కాదు, పాపం తన ఫలితాన్ని తానే తెచ్చుకోవడం అంటాడు. రోమా 1లో దేవుడు వాళ్లను "అప్పగించెను" అని మూడుసార్లు ఉంది. అంటే వాళ్లు కోరుకున్న దారికే వదిలేశాడు. అంతకు మించి కోపం అంటగట్టొద్దు.

మూలభాషల విద్యార్థి:
రెండు మాటలు చెబుతాను. హీబ్రూలో 'అఫ్' అంటే ముక్కు, కోపం కూడా. మనం ముక్కు మీద కోపం అంటాం చూడండి, దాదాపు అదే. నిర్గమ 34:6లో మనకు 'దీర్ఘశాంతము' అని కనిపించే చోట హీబ్రూలో ఉన్నది మాటకు మాట పెడితే 'పొడవైన ముక్కు'! అంటే ముక్కు మీద కోపం లేనివాడు. ఈ మాట ఎప్పుడు వచ్చిందో కూడా చూడండి. జనం బంగారు దూడను చేసుకుని, పది ఆజ్ఞల పలకలు పగిలిపోయిన తర్వాత.

రెండోది రోమా 3:25. మన బైబిల్లోని 'కరుణాధారము'కు గ్రీకులో హిలాస్తేరియోన్. పాత నిబంధన గ్రీకు అనువాదంలో మందసం (ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) మీది మూతకు, అంటే కరుణాపీఠానికీ ఇదే మాట. ఇది పాపాన్ని కడగడమే తప్ప దేవుణ్ణి శాంతపరచడం కాదని డాడ్ అన్నాడు. రోమా 1:18 నుంచి వస్తున్నదంతా ఉగ్రత గురించే కాబట్టి ఆ అర్థం తీసేయలేమని లియన్ మారిస్ అనే మరో పండితుడు 1955లో గట్టిగా జవాబిచ్చాడు. నేను మారిస్ వైపే. కానీ ఇద్దరిలో ఎవరు గెలిచినా, ఆ వాక్యంలో కర్త ఎవరు? దేవుడే. తండ్రి కొట్టబోతుంటే కొడుకు అడ్డం పడినట్టు అక్కడ లేదు, తండ్రే ముందుకు వచ్చి క్రీస్తును కరుణాధారంగా పెట్టినట్టు ఉంది. క్రీస్తు చనిపోయినందువల్ల దేవునికి మన మీద ప్రేమ పుట్టిందని కాదు. ప్రేమించాడు కాబట్టే పంపాడు. రోమా 5:8, 1 యోహాను 4:10 రెండింటిలోనూ వరస ఇదే. టీచర్ గారి బొమ్మలో తప్పిపోయింది ఇదే అనుకుంటాను.

పాతకాపు:
నీలిసిరా గారూ, మీ అమ్మగారికి జరిగింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ ప్రసంగీకుడు చేసింది తప్పు. నేను సమర్థించే ఉగ్రత అది కాదు.

అయినా మీతో ఒకచోట విభేదిస్తాను. ఉగ్రత అంటే ఒట్టి ఫలితమే అయితే, ఒక జత చెప్పుల కోసం పేదవాణ్ణి అమ్మేసినవాళ్ల సంగతేమిటి (ఆమోసు 2:6)? వాళ్లలో చాలామందికి ఏ ఫలితమూ రాదు, హాయిగానే పోతారు. అమ్ముడుపోయినవాడి తరఫున ఎవరికో ఒకరికి కోపం రావాలి కదా. మీ అమ్మగారి విషయానికి వస్తే యోబు 42:7 చూడండి. నీ కష్టం నీ పాపం వల్లే అని యోబును సతాయించిన స్నేహితులతోనే దేవుడు "నా కోపము నీమీదను నీ ఇద్దరు స్నేహితులమీదను మండుచున్నది" అంటాడు. ఆ రోజు మీ ఇంట్లో దేవునికి కోపం వచ్చి ఉంటే, అది మంచం మీదున్నవాడి మీద కాదు, కాయలు కోసిన చిన్నపిల్ల మీద అంతకన్నా కాదు.

నీలిసిరా:
యోబులో ఆ వచనం చదివాను, కానీ ఎప్పుడూ మా ఇంటివైపు నుంచి చూడలేదు. అమ్మకి చదివి వినిపిస్తాను. నిత్యనరకం సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు గానీ, దాని గురించి అడిగితే మాత్రం ఒప్పుకోలేను. అంతులేని శిక్ష దీర్ఘశాంతంతో ఎలా కుదురుతుందో నాకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు.

సండేస్కూల్ టీచర్:
అందరికీ కృతజ్ఞతలు. ఆ బొమ్మ ఇక వేయను. ఈ ఆదివారం మార్కు 3 తీసుకుంటాను. ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడు సమాజమందిరంలో ఉన్నాడు, విశ్రాంతి దినాన వాణ్ణి బాగుచేస్తే తప్పుపడదామని కొందరు కాచుకుని ఉన్నారు. యేసు వాళ్లను కోపంతో చూశాడు. అదే వాక్యంలో వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడనీ ఉంది. ఒకే చూపులో రెండూ. కోపం యేసుకీ వస్తుందని పిల్లలు చూస్తే, తండ్రి ఒక రకం, కొడుకు ఒక రకం అనుకోరు. ముందు ఆ పాపకి, నీ ప్రశ్న దాటేశాను, మంచి ప్రశ్న అడిగావు అని చెప్పాలి.

ఇంకొక్కటి తేలలేదు. నిర్గమ 34:7లో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు అని ఉంది. అది అడిగితే?

పాతకాపు:
యెహెజ్కేలు 18 మొత్తం చదవండి సిస్టర్. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెతను దేవుడే ఇక పలకొద్దంటాడు. దీనికి వేరే చర్చ పెడదాం, చాలా ఉంది.