సిరికిం జెప్పడు: పన్నింపడా, మన్నింపడా?

అమలాపురం: పోతన గజేంద్రమోక్షంలో ఏనుగును కాపాడాలని విష్ణువు ఉన్నపళంగా బయల్దేరే ‘సిరికిం జెప్పడు’ పద్యం రెండో పాదంలో ‘అభ్రగపతిం బన్నింప’ అనా, ‘మన్నింప’ అనా అండి? ఇంకోటి. జెప్పడు, సంధింపడు, జీరడు, ఒత్తడు, వీడడు... అన్నీ వ్యతిరేక క్రియలే. అయినా పద్యం అంత పరుగెడుతుందేం?

భీమవరం: బన్నింపే. ఈ పద్యం మత్తేభ వృత్తం. దానికి 14వ అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాలి. పాదం మొదట ‘ప’ ఉంది, ‘బ’ చెల్లుతుంది, ‘మ’ చెల్లదు. ‘పు, బు’లకు ‘ము’ చెల్లే ముకారయతి అని లాక్కురాకండి, దానికి ఉకారం ఉండాలి. అర్థమూ అదే, గరుత్మంతుణ్ణి ప్రయాణానికి సిద్ధం చేయించడు.

రాజోలు: మాస్టారూ, రెండో ప్రశ్న వదిలేశారు. 2004లో మెదడు పరిశోధకులు హౌక్, పుల్వర్‌ముల్లర్ వాళ్లు నాకడం, ఏరడం, తన్నడం లాంటి మాటలు ఊరికే చదివించి స్కానర్‌లో చూశారు. నాలుక, వేళ్లు, పాదం కదిపే మెదడు భాగాల్లోనో, వాటి పక్కనో చురుకు కనిపించింది. 2012లో అరవేనా బృందం ఫ్రెంచి వాక్యాలు వినిపిస్తూ వేళ్ల పట్టు కొలిచింది. ‘ఎత్తుతోంది’ అంటే పట్టు బిగిసింది, ‘ఎత్తడం లేదు’ అంటే బిగియలేదు. ఆ లెక్కన పోతన పద్యానికి చెయ్యి కదలకూడదు.

నరసాపురం: ఆయ్, ఫ్రెంచిలో ‘నె’ క్రియకు ముందే వచ్చేస్తుందండి. మనకి కాదనడం చివర్న. ‘సంధింప’ దాకా చెయ్యి సిద్ధమై ‘డు’ దగ్గర ఆగాలి. ఆరుసార్లు అలా లేచి ఆగడమే ఆ పరుగు.

భీమవరం: కొలవకుండా చెప్పేస్తే ఎలా? వాక్యంలోని కదలిక దిక్కుకే చెయ్యి కదపాల్సి వస్తే జవాబు త్వరగా వస్తుందన్న 2002 నాటి ‘సొరుగు తెరువు, సొరుగు మూయి’ ప్రయోగం ఎంత పేరుపొందింది! 2022లో చాలా ప్రయోగశాలలు కలిసి మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు.

రాజోలు: అది చెయ్యి ముందుకా వెనక్కా అన్న వేగం లెక్క, ఇది పట్టు లెక్క. తెలుగులో చేయాలంటే ‘వేస్తాడు, వేయడు’ పనికిరావు, రెండో అక్షరానికే విడిపోతాయి. ‘సఖినేటిపల్లి రేవులో సరంగు తాడు అందిస్తాడు, అందివ్వడు’ లాంటివి కావాలి, ‘అంది’ దాకా ఉమ్మడి. వేళ్ల పట్టు దానంతటదే సడలుతుంది కాబట్టి ప్రతిసారీ క్రియకు ముందున్న బలంతోనే పోల్చాలి.

అమలాపురం: మరి ‘వీడడు’? అక్కడ కాదంటే చెయ్యి పట్టుకునే ఉందని కదా. పద్యం మొత్తానికి విష్ణువు పిడికిట్లో ఉన్నది లక్ష్మి పైటచెంగొక్కటే.

నరసాపురం: అయితే అక్కడ ‘డు’ తర్వాత పట్టు బిగియాలి!

భీమవరం: ముందు ‘చేలాంచలమైన’ సరిగ్గా విరవండి. చేలాంచలం అంటే చెంగు, ‘ఐన’ అంటే ఇక్కడ ‘అయినా సరే’ అని. విశేషణంలా చదివితే చెంగు ఎవరి చేతిలో ఉందో కూడా తేలదు.